ఇవాళ్టి మంట

“నేనార్పను. నీ పురుగులకి ఆకలేస్తే నన్నేం చేయమంటావు?” వాల్వు చక్రం మీద చెయ్యేసి అడ్డంగా నిలబడ్డాడు తండ్రి.

కూతురు తల పట్టుకుంది.

ఇనుము కరిగించే ఆ కర్మాగారంలో కొలిమి నుంచి వచ్చే గ్యాసును పొడుగాటి గొట్టం కొసన తగలబెట్టడం ఆయన పని. అందరూ ‘మంటల మామయ్య’ అంటారు. అదే గ్యాసు మండి గాలిలో కలిసిపోకుండా, కంటికి కనబడని సూక్ష్మజీవులకు మేతగా పెట్టి వాటిచేత స్పిరిట్ తయారు చేయించడం ఆమె పని. నిన్నటిదాకా ఇద్దరికీ సరిపోయింది. ఇవాళ పొద్దున ఒక కొలిమిని మరమ్మతుకని ఆపేశారు. ఉన్న కాస్త గ్యాసూ అయితే ఆయన మంటకి, లేకపోతే ఆ జీవులుండే ఆమె ట్యాంకుకి.

“అవి పురుగులు కావు నాన్నా! ఎన్నిసార్లు చెప్పాలి?”

“తింటాయి, పిల్లల్ని పెడతాయి, ఆకలేస్తే చస్తాయి. పురుగులు కాక పెళ్ళివారా?”

నవ్వొచ్చినా బిగబట్టుకుందామె. “ఇలాగే ఉంటే సాయంత్రానికి ఒక్కటీ మిగలదు. మళ్ళీ మొదటినుంచీ పెంచుకు రావాలి. నీ మంటకేం, గ్యాసు ఎక్కువైన రోజున మళ్ళీ వెలిగించుకోవచ్చు. అయినా అది మండినంతసేపూ ఊరి నెత్తిన పొగే కదా! భూమి వేడెక్కిపోతోందని ఓ పక్క అందరూ...”

“భూమి సంగతి నాకూ తెలుసు. మీ అమ్మ సంగతి చెప్పు.”

అమ్మకి చూపు తగ్గుతూ వస్తోంది. పొద్దువాలితే వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఈ గొట్టం వైపే చూస్తూ కూచుంటుంది. ‘ఇంకేం కనబడకపోయినా మీ నాన్న మంట కనబడుతుందే. ఆయన పక్కనున్నట్టే ఉంటుంది’ అంటుంది.

“ఇవాళ మంట ఉండదని అమ్మకి ఫోన్ చేసి చెబుతాలే.”

“వద్దు!” గట్టిగా అరిచాడాయన. వెంటనే తగ్గి, “అది లేకపోతే, ఇంటికెళ్ళగానే నాతో ఏం మాట్లాడుతుందే మీ అమ్మ?” అన్నాడు.

తండ్రి చెయ్యి పట్టుకుని ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళింది. గుండ్రటి అద్దంలోంచి లోపల బియ్యం కడిగిన నీళ్ళలాంటిది కనబడుతోంది. ఎక్కడో ఒక బుడగ లేస్తోంది, పగులుతోంది.

“నిన్న ఈపాటికి నురగ అద్దం నిండా పొంగుతోంది. ఇప్పుడు చూడు.”

ఆయన అద్దానికి ముఖం ఆనించి చూశాడు. జ్వరమొచ్చిన పిల్ల ఒళ్ళు చూసినట్టు ట్యాంకు మీద అరచెయ్యి ఉంచాడు.

“బతికే ఉన్నాయా?”

“ఉన్నాయి. ఎంతసేపుంటాయో చెప్పలేను.”

“ఆకలితో ఉన్నవాటిని ఎదురుగా పెట్టుకుని దీపాలు వెలిగించుకోవడమేంటి, ఛీ!” అని తనని తానే తిట్టుకుంటూ వెళ్ళి చక్రం తిప్పాడు. ఆకాశంలో మంట కుంగింది, వణికింది, ఆరిపోయింది. గొట్టం బోడిగా మిగిలింది.

“మీ అమ్మకి మాత్రం నువ్వేం చెప్పకు. నేను చూసుకుంటాను.”

సాయంత్రానికి అద్దం వెనక నురగ మళ్ళీ పొంగింది. ఆ సంతోషం కూతురికి ఇంటి దారి పట్టేదాకానే నిలిచింది. కిటికీ దగ్గర కూచుని, మంట కనబడక, ఆయనకేమైందోనని అమ్మ ఎంత హడలిపోయి ఉంటుందో! తల్లికి ఏం చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో మనసులోనే కూడబలుక్కుంటూ నడిచింది. తండ్రి మాత్రం రోజూలాగే తాపీగా నడుస్తున్నాడు.

వంటింట్లో అమ్మ కిటికీ వైపు తిరిగి కూచుని ఉంది. బయట గొట్టం ఉన్న వైపంతా చీకటి. మిణుకుమనే వెలుగైనా లేదు.

అలికిడికి అమ్మ ఇటు తిరిగింది. ముఖం విప్పారింది.

“వచ్చారా? ఇవాళ మీ మంట ఎంత బాగా వెలిగిందండీ! ఇప్పటిదాకా దాన్నే చూస్తూ కూచున్నాను.”

కూతురి కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి. అదిరిపడి తండ్రి వైపు చూసింది.

ఆయన ముఖంలో ఆశ్చర్యం అణుమాత్రమైనా లేదు. చెప్పులు విడిచి, కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూచుంటూ, రోజూ అనే మాటలాగే అన్నాడు:

“గాలి లేదుగా మరి! రేపు ఇంకా పైకి లేస్తుంది, చూద్దువుగానిలే.”