ముప్పై ఆరు మెట్లు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు సత్తయ్య స్కూలు బస్సు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. నడుములో జారిన డిస్కుకు లేజర్ చికిత్స జరిగి అప్పటికి పన్నెండు రోజులు.

భార్య బాలలక్ష్మి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె చేతిలో ఆసుపత్రి కాగితం ఉంది.

"కాలు మొద్దుబారితే బండి నడపొద్దు, ఎమ్మటే దవాఖానకు రావాలె అని రాసిండ్రు. చదివి వినిపియ్యాల్నా?"

"మొద్దుబారితే గదా! నాకేమైంది? నొప్పి గూడ పోయింది."

"నిన్న స్నానం కాడ చెంబు కుడికాలు మీద పడ్డా అబ్బా అనలే నువ్వు."

"ఖాళీ చెంబుకు ఏమంటరే?"

ఫోన్ మోగింది. స్కూల్లో బస్సుల పని చూసే యోగేందర్. సత్తయ్య ఆమెకూ వినబడేలా స్పీకర్ నొక్కాడు.

"అన్నా, పిల్లల ఇండ్లోల్లు పరేషాన్ జేస్తున్నరు. ఏడింటికి ఎల్బీనగర్‌ల బండి తియ్యకుంటే వేరేటోన్ని పెట్టుకుంటం. మల్ల నన్ననొద్దు."

"ఒస్తున్న."

బాలలక్ష్మి కదలలేదు.

"నలభై మంది పిల్లలు. బ్రేక్ తొక్కేది గా కాలుతోనే."

"ఏం జేస్తే నమ్ముతవ్?"

"రోడ్డు దాంక నడువు. ఎనకాల నేనొస్త. జర కుంటినా, గోడ పట్టుకున్నా తాళంచెవి నాకియ్యాలె."

"ఆర్టీవో లెక్క టెస్ట్ పెడ్తున్నవ్. పా."

రబ్బరు చెప్పులు తొడుక్కుని బయల్దేరాడు. వాళ్లుండేది రెండో అంతస్తు. కిందికి ముప్పై ఆరు మెట్లు. అతను తల ఎత్తి, మెట్లు గట్టిగా లెక్కపెడుతూ దిగాడు. సగం దిగాక వెనకాల ఆమె అడుగుల చప్పుడు ఆగింది.

"ఏమాయె?" అన్నాడు, తిరిగి చూడకుండా.

"ఏం లే. నువ్వు నడువు."

గేటు దాటాడు. గల్లీ దాటాడు. ఎక్కడా గోడ పట్టుకోలేదు. ఆరూ ఇరవై ఐదుకు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీదికి వచ్చాడు. షేర్ ఆటో ఒకటి వచ్చి ఆగింది.

"ఎల్బీనగర్, ఎల్బీనగర్! ఎక్కుతవా పెద్దాయనా?"

"ఆగు తమ్మీ, ఒక్క నిమిషం." సత్తయ్య ఆటో కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగాడు. "నేను కుంటిన్నా?"

"కుంటలే."

"గోడ పట్టిన్నా?"

"పట్టలే."

"మరి?"

బాలలక్ష్మి కొంగు చాటునుంచి చెయ్యి బయటికి తీసింది. పదిహేడో మెట్టు మీద ఊడిపోయిన అతని కుడి చెప్పు ఆ చేతిలో ఉంది.