ఆగండిగారు

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాడాయన.

మీటింగ్ గదిలో అందరూ మొహాలు చూసుకున్నారు.

ఆయన పేరు ఎవరికీ గుర్తుండదు. వచ్చిన మొదటి రోజే టీమ్ వాళ్ళు ‘ఆగండిగారు’ అని పేరు పెట్టేశారు. ఆసుపత్రి తరఫున వచ్చి పని చూసి వెళ్ళే మనిషి. అంతవరకే తెలుసు.

బోర్డు దగ్గరున్న సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ ఓపిక తెచ్చుకుంది.

ఆసుపత్రి వార్డులో మంచం మంచానికీ ఉన్న అలారాలు ఆమె టీమ్ చేసిన సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తాయి. ఆ ప్రోగ్రాంను వాళ్ళు చేత్తో రాయరు. ఏ అలారం ఎవరికి వెళ్ళాలి, నర్సు ‘చూశాను’ అని నొక్కితే ఏది ఆగాలి అన్నది బొమ్మగా గీస్తారు. ఆ బొమ్మలోంచి ప్రోగ్రాం దానంతటదే పుడుతుంది.

ఇప్పుడా ఒక్క పెద్ద ప్రోగ్రాంను చిన్న చిన్న ముక్కలుగా విడగొడుతున్నారు.

"బొమ్మ మారలేదు కదండీ. కింద పునాది ఒక్కటే మారుతోంది. ఇంకేంటి మీ అనుమానం?" అంది ఆమె.

"బొమ్మ అదేనమ్మా. దాని అర్థం మారిపోతుందేమోనని."

"అర్థం ఎలా మారుతుంది?"

"ఇన్నాళ్ళూ అంతా ఒకేచోట జరిగేది. ముందుది ముందు, వెనకది వెనక. ఆ ధీమాతోనే బొమ్మ గీశారు. ఇప్పుడు ముక్కల మధ్య కబుర్లు నడవాలి. ముందు బయల్దేరిన కబురు వెనక చేరితే?"

"చేరితే?"

"నర్సు ఒక అలారం చూశానని నొక్కింది. ఆ కబురు దారిలో ఆలస్యమైంది. ఈలోగా అదే మంచం దగ్గర ఇంకో అలారం మొదలైంది. అప్పుడు చేరిన పాత కబురు కొత్తదాని నోరు నొక్కేస్తే?"

టెస్టింగ్ చూసే అతను నవ్వాడు. "సార్, వేలకొద్దీ పరీక్షలు పెట్టాం. ఒక్కటీ తప్పలేదు."

"ఆ పరీక్షలు కూడా ఈ బొమ్మలోంచి పుట్టినవే కదా బాబూ! దీనికి తెలియనిది వాటికెలా తెలుస్తుంది?"

అతను నవ్వు ఆపేశాడు.

ఆర్కిటెక్ట్ ఆ మధ్యాహ్నమే మేనేజర్ గదిలోకి వెళ్ళింది.

"ఆయనతో వేగలేకపోతున్నాను సార్. ఇలా అడుగడుగునా అడ్డం పడితే ఈ పని తెమలదు."

"చెప్పేదాంట్లో ఏమైనా ఉందా?"

ఆమె క్షణం తటపటాయించింది. "ఊహలు సార్. ఎప్పుడో కోటికొకసారి జరిగేవి."

"అయితే రేపట్నుంచి పిలవకు."

ఆ మాట ఆయనకు వరండాలో నిలబడి చెప్పింది. ఆయనకు కోపం రాలేదు.

"ఒక్కటి మాత్రం చెయ్యండమ్మా. వార్డంతా ఒకేసారి మార్చకండి. ముందు ఒక్క మంచానికి పెట్టి చూడండి."

వదిలించుకుంటే చాలనుకుని సరేనంది. ఆయన చేతులు జోడించాడు. అంత చిన్న మాటకి దండమెందుకో ఆమెకు అర్థం కాలేదు.

ఒక్క మంచానికే పెట్టారు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. మిగతా మంచాలకూ మార్చేద్దామని సిద్ధమవుతుండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

ఆ మంచం మీది రోగి పోయాడు. ఊపిరి అందనప్పుడు అలారం మోగలేదు. నర్సు చూసేసరికే అంతా అయిపోయింది.

ఆర్కిటెక్ట్ సిస్టంలో నమోదైనదంతా వెతికింది. అలారం పుట్టింది. పుట్టిన క్షణంలోనే ఆగిపోయింది. దాన్ని ఆపింది, అంతకు ముందటి అలారానికి నర్సు నొక్కిన ‘చూశాను’.

అచ్చం ఆయన చెప్పినట్టే.

పాత పద్ధతిలోనే ఉన్న మిగతా మంచాలు కళ్ళముందు మెదిలాయి. వార్డంతా ఒకేసారి మార్చి ఉంటే...

ఆయనకు ఫోన్ చేసింది. ఎవరూ తీయలేదు. నేరుగా ఆసుపత్రికి వెళ్ళి హెడ్ నర్సును కలిసింది.

"పని చూడ్డానికి మా దగ్గరికి ఒకాయన్ని పంపేవారే, ఆయన్ని కలవాలండీ. ఆయన మాట నేను పెడచెవిన పెట్టాను. ఆ తప్పు ఆయన ఎదుటే ఒప్పుకోవాలి."

హెడ్ నర్సు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది.

"మేం పంపలేదమ్మా. ఆయన మా వార్డులో రోగి. ఒకప్పుడు మీ పనే చేసేవారట. అలారాలు మారుస్తున్నారని విని, పెద్ద డాక్టర్‌ని బతిమాలి మరీ మీ దగ్గరికి వచ్చేవారు."

"ఇప్పుడెక్కడున్నారు?"

హెడ్ నర్సు ఇంకో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"అంతా సరిగ్గానే ఉందని మీవాళ్ళన్నారు. ముందు ఏ మంచానికి పెడదామా అని డాక్టర్లు అనుకుంటుంటే, ‘అందులో ఏముందో తెలిసినవాణ్ణి నేనే కదా, పాపం తెలియనివాళ్ళ మీద పెట్టకండి’ అని ఆయనే అడిగి తన మంచానికి పెట్టించుకున్నారమ్మా."