మొండయ్యకు తెలియని నొప్పి

మరమగ్గం నడిపే మొండయ్యకు పుట్టినప్పటి నుంచీ నొప్పి తెలియదు. నొప్పిని మోసే నరాల్లో సోడియం వెళ్లే సన్నని దారులు అతనికి మూసుకుపోయి ఉంటాయని డాక్టర్ నవీన అనుమానం. ఆ పరిశోధన కోసమే ఆమె చొప్పదండిలో అతని ఇంటికి వచ్చింది. అతను పని దిగి వచ్చేసరికి రాత్రి తొమ్మిదయింది. కరెంటు పోయి వాడకట్టులో మగ్గాలన్నీ ఆగిపోయాయి.

ఫోన్ వెలుతురులో ఆమె అతని వేలికి సూది గుచ్చింది. మొండయ్య కదల్లేదు. లోపలి అర్రలో ఎవరో ఆడమనిషి "అవ్వా" అని మూలిగింది.

"లోపల ఎవరున్నారు?"

"ఎవలు లేరు మేడం. మీరు కానియ్యిండ్రి."

రెండో వేలికి గుచ్చింది. మూలుగు ఈసారి తలుపు దగ్గర వినిపించింది. నవీన లేచి లోపలికి వెలుతురు వేసింది. నూలు కండెల బుట్ట, గోడకు దండ వేసిన ఫొటో తప్ప ఏమీ లేవు.

"నా పెండ్లాం ఐలవ్వ. పోయి ఏడాదాయె," అన్నాడు మొండయ్య. "నా చెయ్యి తెగితే నాకు తెల్వకపోయేది, దానికే నొప్పి లేస్తుండె. నాటకాలాడుతున్నవా అని నవ్వుతుంటి."

నవీన సూదులు పెట్టెలో సర్దుకుంది. అతను రెండో చెయ్యి ముందుకు చాపాడు. వేళ్లన్నింటి మీదా కొత్త గాట్లు.

"జర ఇంకొక్కపారి గుచ్చుండ్రి. నేను కోసుకుంటే దూరంకెల్లి ఇనవడుతది. మీరు గుచ్చితే దగ్గరికొస్తది."

"ఆమెకు నొప్పి కదా, మొండయ్య గారూ."

అతను ఆమె పెట్టెను ముందుకు లాక్కున్నాడు. పెట్టెలోంచి తనే ఒక సూది తీసుకున్నాడు.

అర్రలో ఎవరో ఊపిరి బిగబట్టారు.