ఎవరూ ఎక్కని బస్సు

బస్సుకు ఎదురుగా, నడిరోడ్డు మీద, అంతమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె వెనక హిమాయత్‌నగర్ ఊరి ఆడవాళ్లంతా. చేవెళ్ల దారి పొడవునా హారన్లే హారన్లు.

“అమ్మా, జర జరుగుండ్రి!” కారులోంచి ఎవరో అరిచారు.

“నీకు కారున్నది, నువ్వాగు! మా బస్సు బంద్ పెట్టుమని రాసినోళ్లు ముందటికి రావాలె!”

రాసింది స్వప్నిక. డిపోలో లెక్కలు చూసే ఆఫీసరు. ఏడాది టికెట్ల వివరాలన్నీ కంప్యూటర్లో వేసి చూస్తే, ఈ బస్సులో మగవాళ్లు ఒకరిద్దరే, ఆడవాళ్లు ఎక్కడమే లేదని తేలింది. ఖాళీ బండిని గండిపేట వైపు తిప్పమని సిఫారసు చేసేసింది. సాయంత్రానికి పైవాళ్ల సంతకం కూడా పడిపోతుంది.

ఆలోపు ఒకసారి కళ్లారా చూద్దామని వచ్చి ఇరుక్కుంది. ఖాళీ అనుకున్న బస్సులో కాలు మోపే చోటు లేదు. మెట్ల మీద కూడా కొత్తిమీర మూటలే.

“మీరు ఎక్కుతున్నట్టు మెషీన్‌లో లేదవ్వా,” అంది నెమ్మదిగా.

“మెషీన్‌కు కండ్లు లెవ్వా బిడ్డా? గీ బస్సు పోతే నా కొత్తిమీర ఆటోల పోవాలె. అమ్మిందంత కిరాయికే పాయె. ఏం తప్పు జేసినమని? సర్కారుకు ఏనాడన్న బరువైనమా?”

స్వప్నిక కండక్టర్ ప్రేమదాసు వైపు తిరిగింది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమే. అయినా ఎక్కిన ప్రతి మనిషికీ జీరో టికెట్ కొట్టాలి. డిపోకు చేరే లెక్క అదొక్కటే.

“టికెట్లు ఎందుకు కొట్టలేదు? నిజం చెప్పకపోతే నీ ఉద్యోగం పోతుంది.”

ప్రేమదాసు తల దించుకున్నాడు. “కొట్టనియ్యలే మేడమ్.”

“ఎవరు?”

ప్రేమదాసు టికెట్ మెషీన్‌ను సంచిలో కుక్కుకున్నాడు.

అంతమ్మ దిగ్గున లేచి కొంగు నడుముకు బిగించింది. “ఎవ్వడు వాడు? మా నోటికాడి బువ్వ గుంజినోని పేరు జెప్పు ప్రేమదాసూ! ఈడ్నే చీపురు తిరగేస్త!”

“వద్దులే అవ్వా. ఇడిసెయ్యి.”

“ఎందుకు ఇడుస్త? నీకేం ఫికర్ లేదు, నేనున్న. చెప్తవా, చీపురు నీ మీద తిరగేయాల్నా?”

“చెప్పు! చెప్పు!” ఆడవాళ్లంతా గొంతు కలిపారు.

ప్రేమదాసు రెండడుగులు వెనక్కి వేసి, కళ్లు గట్టిగా మూసుకుని అరిచేశాడు:

“‘టికెట్లు కొడితే సర్కారుకు ఖర్సయ్యి బస్సు బంద్ పెడ్తది, ఎవ్వలూ తీస్కోకుండ్రి’ అని ఊరంత తిరిగి చెప్పింది నువ్వే గద, అంతవ్వా!”