మనిషికి ఇరవై కిలోలు

"ఇరవై మూడున్నర," అన్నాడు విజయ్ కుమార్, కాటా ముల్లు వైపు కళ్లు చిట్లించి చూస్తూ.

చింతపండు మండీలో అడిగి తెచ్చిన స్ప్రింగు కాటాను నడవలో ఉయ్యాల కొక్కేనికి తగిలించి, దానికి నీలం పెట్టెను వేలాడదీశారు. పెట్టె అటూ ఇటూ ఊగుతోంది. తెగి పడితే పట్టుకుందామన్నట్టు కేశవమూర్తి దాని కింద రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"మూడున్నర ఎక్కువుండాది నాయనా," అన్నాడు కొడుకు. "విమానం వాళ్లు మనిషికి ఇరవై అంటే ఇరవయ్యే."

"ఎక్కువుండక ఏం చేస్తాది? అందులో కొబ్బరితాడు చుట్ట పెట్టినారు మీ నాయన," అంది సులోచన.

"ఓడలో బట్టలు ఆరేసుకోవద్దా?"

"ఓడంతా తాళ్లే ఉంటాయి కదండీ."

సులోచన కూతురు అర్చన నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగింది.

కేశవమూర్తికి హిందూపురంలో బోరు మోటార్ల అంగడి ఉంది. రెండువేల ఆరులో వానలు లేక ఊరూరా బోర్లు వేశారు, మోటార్లు తెగ అమ్ముడుపోయాయి. బాగా అమ్మిన డీలర్లను జంటలుగా సింగపూరు తీసుకుపోయి, అక్కణ్ణుంచి నాలుగు దినాలు పెద్ద ఓడలో తిప్పుతామంది కంపెనీ. విమానం ఆ రాత్రికే, బెంగుళూరులో.

చెరువు నిండిందంటే చూడ్డానికి పరుగెత్తే సీమ మనిషి సులోచన. సముద్రం ఎలా ఉంటుందో ఆమెకు తెలీదు.

నీలం పెట్టెను దించి, పెనుకొండలో అర్చన సర్ది తెచ్చిన ఎర్ర పెట్టెను తగిలించారు. అదీ ఎక్కువే తూగింది. మూత తీస్తే పైనే ఉసిరికాయ తొక్కు డబ్బా, శెనక్కాయల పొడి, రెండు కట్టల బియ్యప్పిండి నిప్పట్లు.

"తొక్కు తీసేయమ్మా," అంది అర్చన. "అదొక్కటే రెండు కిలోలుండాది."

"ఆడ కూడు చప్పగా ఉంటే? ఉసిరి తొక్కంటే ఈయనకు ప్రాణమని విజయ్ చెప్పినాడు కదా."

"అయితే చీర తీసెయ్యి."

పొద్దున గుడికి కట్టుకుపోయి, వచ్చినాక పెట్టెలో పెట్టిన ధర్మవరం పట్టుచీర అది. సులోచన దాన్ని ఒళ్లో పెట్టుకుని మడత సరిచేసింది. జరీ బరువు తొడమీద తెలుస్తోంది.

"తీసేస్తా. ఈ వయసులో నాకు జరీ చీరెందుకు?"

"దాన్ని తియ్యద్దు," అన్నాడు కేశవమూర్తి. "ఓడలో ఒకపూట పెద్ద విందంట. అందరూ జంటగా రావాలంట. దానికి కట్టుకో."

"జంటగానా?" సులోచన చెయ్యి ఆగిపోయింది. "అందరి ముందరా? వద్దండీ. నేను రాను. మీరే పోయి రాండి."

"ఇప్పుడేమొచ్చింది?"

"ఈ వయసులో వీళ్లకు ఇదేం సరదా అని నలుగురూ నవ్వుతారు. వీధిలో అప్పుడే నవ్వుతాండారు, నేను వినలేదా?"

కేశవమూర్తి కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "నవ్వనీలే. మహా అయితే నాలుగు దినాలు నవ్వుతారు. ఆ నాలుగు దినాలూ మనం నీళ్లమీద ఉంటాం."

ఆమె వంటింట్లోకి పోయి నిలబడింది. పొయ్యి మీద ఏమీ లేదు, చేయాల్సిన పనీ లేదు. ఊరికే కిటికీ చువ్వ పట్టుకుంది.

కాసేపటికి విజయ్ కుమార్ వచ్చి గడప దగ్గరే ఆగాడు. మాట తక్కువ మనిషి. నోట్లోంచి ఒక మాట రావాలంటే పది మాటలు మింగుతాడు.

"నాయన అంగడి విడిచి యాడికీ పోక ఏండ్లయింది. నవ్వడం కూడా మరిచిపోయినాడు. ఈ పొద్దు తాడు కోసం కొట్లాడతాంటే చూస్తాండా కదా... నువ్వొస్తేనే పోతాడు. పోయి రామ్మా."

సులోచన కొంగుతో ముఖం తుడుచుకుని, "కత్తెర యాడుండాది?" అంది. "తొక్కు డబ్బాకు ప్లాస్టిక్ కవరు కత్తిరించి చుట్టాల. కారితే బట్టలన్నీ పాడయిపోతాయి."

విజయ్ కుమార్ తీసిచ్చాడు.

ఆమె నడవలోకి వచ్చేసరికి నీలం పెట్టె సగం ఖాళీ అయింది. తాడు పోయింది. ఫ్లాస్కు పోయింది. ఉన్న ఒక్క కోటునూ కేశవమూర్తి తీసి కుర్చీ వీపుకు తగిలించాడు.

"కోటెందుకు తీసినారు? విందుకు వేసుకోవద్దా?"

"చొక్కా చాల్లే. కోటు తీస్తే తొక్కు డబ్బాకు చోటొచ్చింది. ఇటియ్యి."

ఆమె డబ్బాకు కవరు చుట్టి ఆయన చేతికిచ్చింది. పట్టుచీరను తనే ఎర్ర పెట్టెలో అడుగున పరిచింది. రెండు పెట్టెలనూ మళ్లీ తూచారు. రెండిటికీ ముల్లు ఇరవై దగ్గర వణికి నిలబడింది.

"ఈయన మాత్రలు పొద్దున ఏవి, రాత్రికి ఏవి?" అని విజయ్ కుమార్‌ను అడిగి, రెండుసార్లు చెప్పించుకుంది సులోచన.

చీకటి పడకముందే గోరంట్ల నుంచి బాడుగ కారు వచ్చింది. డ్రైవరు బాబావలి పెట్టెలు డిక్కీలో పెడుతుంటే, ఎర్రది పైన పెట్టాలని ఆమె, నీలంది పెట్టాలని ఆయన. చివరికి రెండూ పక్కపక్కనే పెట్టాడు బాబావలి. అర్చన అమ్మను కావలించుకుని వదల్లేదు. విజయ్ కుమార్ కారు తలుపు వేసి, అద్దం మీద మెల్లగా తట్టాడు.

కారు కొడికొండ దాటి పెద్ద రోడ్డెక్కింది. వెనక సీట్లో ఇద్దరూ చెరో కిటికీ పక్కన కూర్చున్నారు. మధ్యలో నిప్పట్ల పొట్లం. కేశవమూర్తి ఒకటి విరిచి సగం ఆమెకిచ్చాడు.

బాబావలి అద్దంలోంచి చూసి నవ్వాడు. "ఇందాక పెట్టెల కాడ మీ తగువు చూస్తే మా ఇల్లే గుర్తొచ్చింది. మా నాయన, మా అమ్మ కూడా ఇంతే. మీకు పెళ్లయి ఎన్నేండ్లయిందక్కా?"

కేశవమూర్తి ఆమె వైపు చూశాడు. పొద్దుట్నుంచి వీధిలో తల దించుకునే నడిచిన సులోచన, ఇప్పుడు తలెత్తి అద్దంలోకి చూస్తూ చెప్పింది.

"ఈ పొద్దు పొద్దునే అయిందప్పా."