నీలం చీటీ పెట్టె

“మా దేవిని ఓపాలి సూసి ఎల్తాను బాబూ.”

గేటు బయట వానలో తడుస్తూ నిలబడ్డాడు ఓ ముసలాయన. ఎగ్గట్టిన లుంగీ, భుజాన తువ్వాలు, ఒంటి నిండా చేపల వాసన.

సెక్యూరిటీ భాస్కర్ విసుక్కున్నాడు.

“దేవి ఎవలు? ఇది క్యాన్సర్ పరిశోధన చేసే చోటు. లోపలున్నవి ఎలకలు.”

“ఆ గదిలోనే ఉన్నాది. మేడం గారు సెప్పినారు.”

“ఎలకల గదిలోనా? పొద్దున్నే ఏటి తాగీసినావు మావా?”

ముసలాయన నవ్వలేదు.

“కాలవ గట్టు తెగిపోనాది బాబూ. నీరు ఇటే వస్తాది. ఆ గది పల్లంలో ఉన్నాది కదా?”

“నీకెందుకు? ఎల్లెహె!”

అంతలో ఫోన్ మోగింది. డాక్టర్ శ్రావణి. శ్రీకాకుళం దాటగానే రోడ్డు మీద నీళ్ళు. కారు ఆగిపోయింది.

“భాస్కర్! నీలం చీటీ ఉన్న పెట్టెల్ని ముందు మేడ మీదకి చేర్చు. ఒక జన్యులోపం క్యాన్సర్ తెస్తుందో లేదో ఆ ఎలుకల్లోనే తేలాలి. ఒక ఇంట్లో ఆ లోపమున్న అక్క క్యాన్సర్‌తో చచ్చిపోయింది. ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని అదే లోపమున్న చెల్లెలు ఎదురుచూస్తోంది.”

“అలాగే మేడమ్.”

గదిలోకి చేరుతున్న నీళ్ళు ముందు తోడించేద్దామని, గేటుకి తాళం వెయ్యకుండానే వెనక్కి, మోటారు దగ్గరికి పరిగెత్తాడు భాస్కర్. కరెంటు లేదు.

తిరిగొచ్చేసరికి ఎలుకల గది తలుపు విరిగి ఉంది.

నడుం లోతు నీళ్ళలో ముసలాయన. నెత్తిన నీలం చీటీ పెట్టె. దాని మీద తువ్వాలు.

“దొంగ ముండాకొడకా! ఖరీదైందే ఏరుకున్నావు!”

లాఠీ దెబ్బకి ముసలాయన తూలాడు. పెట్టె మాత్రం వదల్లేదు.

“ఇది అట్టుకో బాబూ. నన్నొగ్గీ. ఇంకా ఉన్నాయి, ములిగిపోతన్నాయి!”

భాస్కర్ పెట్టె లాక్కుని మేడ మెట్ల మీద పెట్టాడు. ముసలాయన్ని మెడపట్టి గేటు బయటికి గెంటి తాళం వేశాడు.

మళ్ళీ గదికొస్తే నీళ్ళు కిటికీ దాకా ఉన్నాయి. మిగిలిన పెట్టెలు కనపడలేదు.

సాయంత్రం వెనకున్న మిట్ట దారిన ట్రాక్టరెక్కి వచ్చింది శ్రావణి.

“ఇదొక్కటేనా మిగిలింది?”

“దొంగ సేతిలోంచి లాక్కున్నాను మేడమ్!” గర్వంగా అన్నాడు భాస్కర్.

“దొంగకి నీలం చీటీ సంగతి ఎలా తెలుసు?”



“పిచ్చోడు మేడమ్. వచ్చినకాడి నుంచీ దేవి, దేవి అంటాడు...”

పెట్టె మీది తడి తువ్వాలు చేతిలోకి తీసుకుంది శ్రావణి.

“గేటు తియ్యి! ఆయన్ని పిలు!”

గేటు అవతల రోడ్డు లేదు. నీళ్ళే. భాస్కర్ గొంతు చించుకుని పిలిచాడు. ఎవరూ పలకలేదు.

తిరిగొచ్చేసరికి ఆమె తడి తువ్వాలు పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. పెట్టెలో ఎలుకలు గింజలు కొరుకుతున్నాయి.

“ఆయన ఎవలు మేడమ్?”

“దేవి వాళ్ళ నాన్న. నీలం చీటీ సంగతి నేనే చెప్పాను. ఈ ఎలుకల్లో మేం పెట్టిన జన్యులోపం, చచ్చిపోయిన ఆ పిల్లదే.”