నక్క తోక తొక్కిన పెట్ట

పొద్దున్నే చుక్కలపెట్టకి చెత్తకుప్పలో బోలెడన్ని చెదపురుగులు దొరికాయి. "ఇవాళ నక్క తోక తొక్కానర్రా!" అని మురిసిపోయింది పాపం.

దొడ్డికి పెద్దరికం వెలగబెడుతున్న ఎర్రపుంజు చెవిన ఆ మాట పడింది. వెంటనే గడ్డివామి ఎక్కి మెడ సాచింది.

"విన్నారా? తోక తొక్కిందంటే నక్కతో ఎంత రాసుకుపూసుకు తిరుగుతోందో! మన దొడ్డిలో నక్క తాలూకు వాళ్ళున్నారు!"

"అయ్యో మావా, మాటవరసకన్నాను!"

"అలాగా? ఆ మాట ఇంకెవరంటారో చెప్పు, నిన్నొదిలేస్తా."

చుక్కలపెట్ట బూడిదపెట్ట పేరు చెప్పింది. బూడిదపెట్ట సొంత అక్క పేరే చెప్పింది. ఎన్ని పేర్లు చెప్పినా పుంజు ఎవర్నీ వదల్లేదు. ఒక్కొక్కదాన్నీ కంచె బయటికి గెంటుతుంటే మిగతావన్నీ తలో చెయ్యీ వేశాయి. వెయ్యకపోతే అనుమానం తమ మీదికొస్తుందని భయం.

పొద్దువాలేసరికి దొడ్డిలో పుంజు ఒక్కటే మిగిలింది. "హమ్మయ్య, ఇక మన దొడ్డికి భయం లేదు!" అని ఖాళీ దొడ్డికి చాటింది.

సరిగ్గా అప్పుడే అటుగా వచ్చిన నక్క, కంచె బయట బారులు తీరి కూర్చున్న కోళ్ళని చూసి కళ్ళు నులుముకుంది.

"ఓరి నాయనో! పొద్దున్నే ఏ కోడి తోకో తొక్కి ఉంటాను!"